లిథాప్స్‌కి నీళ్ళు పోయకుండా ఉండటం ఎలా

మొదట్లో నేను మూడు లిథాప్స్‌ని, అంటే గులకరాళ్ళలా కనిపించే చిన్న మొక్కల్ని, చంపుకున్నాను. మూడూ నీళ్ళకే పోయాయి. మొదటిదానికి మిగతా మొక్కలతో పాటు వారానికోసారి పోశాను, అడుగు నుంచి కుళ్ళింది. రెండోది ముడతలు పడుతోందని కంగారుపడి పోశాను. మూడోదానికి మేం ఊళ్ళో లేనప్పుడు మా అత్తయ్య పోశారు, "మట్టి బీటలు వారిందమ్మా, పాపం అనిపించింది" అన్నారు. ఆవిడని ఏమంటాం? మొక్క అంటే నీళ్ళు పోయాలనే కదా అందరం పెరిగాం.

ఇప్పుడు నా దగ్గర పద్నాలుగు ఉన్నాయి. వాటిలో పాతదానికి ఆరేళ్ళు. ఈ మధ్యలో నేను నేర్చుకున్నది చాలావరకు ఒకటే: ఏ రోజు నీళ్ళ మగ్గు ముట్టుకోకూడదో.

లివింగ్ స్టోన్స్ అనే ఈ మొక్కల సొంతూరు ఆఫ్రికా ఖండం దక్షిణ భాగం. ఎక్కువగా నమీబియా, దక్షిణాఫ్రికాల్లోని రాళ్ళ నేలలు. 1811లో విలియం బర్చెల్ అనే ఆయన అక్కడ తిరుగుతూ, వింతగా ఉందే ఈ గులకరాయి అని చేతిలోకి తీసుకుంటే అది మొక్క అని తేలిందట. 1922లో ఎన్. ఇ. బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త లిథాప్స్ అని పేరు పెట్టాడు. గ్రీకులో రాయి, ముఖం అనే రెండు మాటలు కలిపి చేసిన పేరు అది.

మనకి కనిపించే ఆ "రాయి" రెండు ఆకుల జంట. మధ్యలో చీలిక. కాండం ఉందా అంటే ఉందన్న పేరే. ఆకుల లోపలంతా నీళ్ళ నిల్వ. అక్కడి ఎండకి, మేతకొచ్చే జంతువులకి దొరక్కుండా సొంతూళ్ళో ఒళ్ళంతా నేలలో దాచుకుని పైభాగం మాత్రమే బయటపెడుతుంది. ఆ పైభాగం మీద మసక అద్దంలాంటి మచ్చలుంటాయి. వెలుతురు అందులోంచి లోపలికి దిగి, నేలలో ఉన్న ఆకుల లోపలి పచ్చటి గోడలకి తగులుతుంది. అంటే ఇంటి పైకప్పుకి కిటికీ పెట్టుకున్నట్టు. కొన్నాక ఒకసారి భూతద్దంతో చూడండి, సరదాగా ఉంటుంది.

ఇక అసలు సంగతి. ముడత చూడగానే చెయ్యి మగ్గు మీదికి పోతుంది కదా, అక్కడ ఆగండి. ముడత పడింది ఏ ఆకు అన్నదే ప్రశ్న.

ఏడాదికోసారి ఈ మొక్క కుబుసం విడిచినట్టు ఆకులు మారుస్తుంది. ఎండలు తగ్గి రాత్రిళ్ళు చల్లబడే రోజుల్లో, పెద్ద మొక్కయితే, పువ్వు పూస్తుంది. పువ్వు వాడిపోయాక లోపల కొత్త జంట తయారవుతుంది. చలికాలం గడిచేకొద్దీ చీలిక నోరు తెరుచుకుని లోపల కొత్త ఆకుల నెత్తి కనబడుతుంది. అప్పుడు పాత ఆకులు ముడతలు పడి, మెత్తబడి, చివరికి కాగితంలా ఎండిపోతాయి. అది దాహం కాదు. పాత ఆకుల్లోని నీళ్ళని కొత్తవి తాగేస్తున్నాయి. నా రెండో మొక్క దగ్గర నేను చేసిన తప్పు ఇదే. ఆ సమయంలో నీళ్ళు పోస్తే పాతవి ఎండవు, కొత్తవి ఉబ్బుతాయి, ఒకదాని మీద ఒకటి డబుల్ డెక్కర్ బస్సులా నిలబడతాయి. మీ మొక్క అలా అయితే పాత ఆకులు పూర్తిగా ఎండేదాకా చుక్క పోయకండి, చాలాసార్లు సర్దుకుంటుంది. ఓపిక లేక ఒకసారి పాత ఆకుని గోరుతో ఒలిచాను. లోపలి కొత్త ఆకు చర్మం దాంతోపాటే చిరిగింది. ఆ గీత ఏడాదంతా నన్ను చూస్తూనే ఉంది.

పాత జంట గోధుమరంగు పొరలా మారి, కొత్త జంట చుట్టూ చొక్కా కాలరులా మిగిలినప్పుడు మొదటి తడి ఇవ్వండి. అప్పటి నుంచి ఎండలు ముదిరేదాకా, తర్వాత మళ్ళీ చల్లబడ్డాక పువ్వులయ్యేదాకా నీళ్ళు పోసే కాలం. అప్పుడు కూడా క్యాలెండర్ చూడను, మొక్కనే చూస్తాను. బొటనవేలు, చూపుడువేలు మధ్య పక్కల్ని మెల్లగా నొక్కితే గట్టిగా ఉంటే కడుపు నిండి ఉన్నట్టు. కాస్త మెత్తగా తగిలి, నిలువుగా సన్న గీతలు కనిపించి, మొక్క కొంచెం కుంగినట్టుంటే దాహం. అప్పుడు కుండీ అడుగు కన్నాల్లోంచి కారేదాకా ఒకేసారి పోసి, మళ్ళీ మట్టి అడుగుదాకా ఆరేవరకు వదిలేస్తాను. ఒక్కోసారి రెండు వారాలు, ఒక్కోసారి నెల పైన. రోజూ స్పూనుతో పోయడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. పైన తడి, అడుగున పొడి, మొక్క మెడ (ఆకులు, వేరు కలిసేచోటు) దగ్గర కుళ్ళు.

మండు వేసవిలో ఇది నిద్రపోతుంది. సాయంత్రం కాస్త వాడినట్టు కనిపిస్తే టెన్షన్ పడకండి, పొద్దున్నే మళ్ళీ చూడండి. పొద్దున కూడా ముడతలు అలాగే ఉంటే చల్లబడ్డాక కుండీ అంచు వెంబడి కొంచెం తడుపుతాను. తడి, వేడి రెండూ కలిస్తే మాత్రం రాత్రికి రాత్రే జావ అయిపోతుంది. పట్టుకుంటే వేలికి అంటుకుంటుంది. ఆ వాసన చెప్పను.

మట్టి విషయంలో మాత్రం మొండిగా ఉండండి. అమ్మేవాళ్ళు తరచుగా కోకోపీట్‌లో, అంటే కొబ్బరి పీచు పొట్టులో, పెట్టి ఇస్తారు. నేను కొన్నదాన్ని బయటికి తీసి చూస్తే వేళ్ళ చుట్టూ పీటు తడి స్పాంజిలా గట్టిగా పట్టుకుని ఉంది. టూత్‌పిక్‌తో ఆ పీటంతా తీసేసి, వేళ్ళని నీడలో రెండు మూడు రోజులు ఆరనిచ్చి, కొత్త మిశ్రమంలో నాటాను. మిశ్రమంలో ఎనిమిది పాళ్ళు గరుకు: ప్యూమిస్, పెర్లైట్ (రెండూ తేలికైన గుల్ల రాళ్ళ ముక్కలే), రెండు నుంచి ఐదు మిల్లీమీటర్ల కంకర, ఏది దొరికితే అది. మిగిలిన రెండు పాళ్ళు జల్లించిన మామూలు మట్టి. సన్న ఇసుక వద్దు, సందులన్నీ పూడ్చేస్తుంది. సముద్రపు ఇసుక అసలే వద్దు, ఉప్పు. సరిగ్గా కలిపారా అన్నదానికి నా పరీక్ష ఒకటే: పైన పోసిన నీళ్ళు ఒక్క క్షణం కూడా నిలవకూడదు.

వేరు లోతుకి దిగుతుంది కాబట్టి కుండీ కనీసం పది పన్నెండు సెంటీమీటర్ల లోతుండాలి. అందంగా ఉంటాయని పళ్ళెం లాంటి కుండీల్లో పెట్టకండి. సొంతూళ్ళో నేలలో కూరుకుని ఉంటుందని చెప్పాను కానీ, ఇంట్లో నేను ఒంట్లో సగం పైకే ఉంచి చుట్టూ గులకరాళ్ళు పేరుస్తాను. మెడ ఆరుతుంది. నాటాక వారం దాకా నీళ్ళు వద్దు.

ఎండ రోజూ నాలుగైదు గంటలు కావాలి, పొద్దుటిదైతే మేలు. వెలుతురు చాలకపోతే ఆకులు సీసాల్లా నిలువుగా సాగుతాయి. సాగినవి మళ్ళీ పొట్టివి కావు. ఎండలోకి మారిస్తే తర్వాతి ఏడాది వచ్చే జంట బొద్దుగా వస్తుంది, ఈ మొక్కలో నాకు బాగా నచ్చేది అదే, ఏడాదికోసారి తప్పు దిద్దుకునే అవకాశం ఇస్తుంది. అలాగని నీడలోంచి తెచ్చి ఒకేసారి ఎర్రటి ఎండలో పెడితే కాలి తెల్లటి మచ్చ పడుతుంది. రెండు వారాలు తీసుకుని మెల్లగా జరపండి. రాత్రిళ్ళు గడ్డకట్టే చలి ఉండే చోట లోపలికి తెచ్చుకోండి.

ఎరువు నేను వేయను. పిండినల్లి (తెల్లటి దూదిలా కనిపించే పురుగు) కనిపిస్తే ఇయర్‌బడ్‌ని స్పిరిట్‌లో ముంచి తుడిచేస్తాను. మొక్క కారణం లేకుండా నీరసించిపోతే పీకి వేళ్ళు చూడండి, అక్కడ తెల్లటి పొడిలా దాక్కుంటుంది.

లిథాప్స్‌లో చాలా జాతులున్నాయి, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి సాలికోలా అనే జాతి చెబుతాను, నీళ్ళు కాస్త ఎక్కువైనా ఓర్చుకుంటుంది. లెస్లియై, ఆకాంపియే కూడా మంచివే.

పువ్వు సాధారణంగా మూడేళ్ళ వయసు నుంచి వస్తుంది. చీలికలోంచి మొగ్గ తోసుకొచ్చి, మధ్యాహ్నం విచ్చుకుని, సాయంత్రానికి ముడుచుకుంటుంది. ఆకాంపియేకి పసుపు, సాలికోలాకి తెలుపు. విత్తనం కావాలంటే ఒకే జాతి మొక్కలు రెండు ఒకేసారి పూయాలి, ఒకదాని పుప్పొడి ఇంకోదానికే పనికొస్తుంది. నేను సన్నటి పెయింటింగ్ బ్రష్‌తో అటూ ఇటూ అద్దుతాను. కాయ ముదరడానికి నెలలు పడుతుంది, ఎండేదాకా కోయకండి.

ఆ ఎండిన కాయని తెల్ల ప్లేటులో పెట్టి డ్రాపర్‌తో ఒక్క చుక్క వేయండి. చాలా కాయలు ఎండితే పగులుతాయి, ఇది తడిస్తే తెరుచుకుంటుంది. నిమిషం తిరిగేలోపు మూతలు ఒక్కొక్కటే వెనక్కి వాలి, చిన్న నక్షత్రంలా విచ్చుకుంటుంది. గదుల్లో పొడిలాంటి విత్తనాలు. సొంతూళ్ళో వాన చినుకు పడి వాటిని బయటికి చిమ్ముతుంది. మళ్ళీ ఆరితే మూతలు మూసుకుంటాయి. మొదటిసారి చూసినప్పుడు మా అత్తయ్యని పిలిచాను. ఆవిడ ఇంకో చుక్క వేయమన్నారు, ఇంకో చుక్క వేశాను.

విత్తనాలని జల్లించిన మిశ్రమం మీద చల్లండి, పైన మట్టి కప్పకండి. కుండీని నీళ్ళ పళ్ళెంలో ఉంచితే అడుగు నుంచి తడి ఎక్కుతుంది. పైన ప్లాస్టిక్ కవరు కప్పి, వెలుతురు బాగా ఉండి నేరుగా ఎండ తగలని చోట పెడితే వారం, రెండు వారాల్లో ఆవగింజకన్నా చిన్న పచ్చటి చుక్కలు వస్తాయి. వచ్చాక కవరుని రోజూ కాస్త కాస్త తెరవండి. ఇంతసేపూ నీళ్ళు వద్దు వద్దన్నాను కానీ, ఈ పిల్లలకి మొదటి కొన్ని నెలలు పైమట్టి పూర్తిగా ఎండకూడదు. ఆ కుండీ ఒక్కటి మాత్రం మా అత్తయ్యకి అప్పగించాను.