పట్నం వెళ్లేటప్పుడు రేషన్ నంబరు వెంట ఉంచుకోండి

మన బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి హైదరాబాద్‌కో సూరత్‌కో పనికి వెళ్లేవాళ్లు చాలామంది రేషన్ కార్డు ఇంట్లోనే వదిలేసి వెళ్తారు. ఒడిశా కార్డు అక్కడెందుకు పనికొస్తుందని. పనికొస్తుంది. ఏ రాష్ట్రం కార్డుతోనైనా ఎక్కడైనా రేషన్ తీసుకునే 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు' పథకం 2022 నాటికి అన్ని రాష్ట్రాల్లోనూ అమలులోకి వచ్చింది.

కార్డు మోసుకెళ్లక్కర్లేదు. అక్కడి రేషన్ షాపులో కార్డు నంబరో ఆధార్ నంబరో చెప్పి వేలిముద్ర వేస్తే చాలు. మనిషికి నెలకు 5 కిలోల చొప్పున వచ్చే వాటాలో మీ వంతు అక్కడ తీసుకుని, మిగతాది ఇంటివాళ్లు ఊళ్లో తీసుకోవచ్చు. ఎన్ని కిలోలు కావాలో డీలర్‌కు ముందే గట్టిగా చెప్పండి. ఇంటి వాటా అంతా అక్కడే ఇచ్చినట్టు నమోదు చేసేస్తే ఆ నెల ఇంట్లో అమ్మకు డిపో దగ్గర గొడవే!

బయల్దేరేముందు మీ పేరుకు ఆధార్ లింక్ అయిందో లేదో, ఈకేవైసీ (వేలిముద్రతో గుర్తింపు నిర్ధారణ) పూర్తయిందో లేదో ఊరి డిపోలోనే చూసుకోండి. అక్కడికెళ్లాక భాష రాని చోట ఆ తిప్పలు పడలేం. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డులకు మాత్రం ఈ సౌకర్యం లేదు, కేంద్ర ఆహార భద్రత చట్టం కింద ఇచ్చినవాటికే. సిమెంటు పనిలో వేళ్లు అరిగిపోయి ముద్ర పడకపోతే వేరే వేలు పెట్టి చూడండి, లేదా కంటిపాప యంత్రం ఉందేమో అడగండి. డీలర్ కుదరదంటే 14445కు ఫోన్ చేయండి.