గైడ్స్ క్యాంప్‌కి పిల్లని పంపిస్తున్నారా, అయితే బ్యాగ్ మాత్రం మీరు సర్దకండి

మా హైస్కూల్లో గైడ్ కెప్టెన్‌గా, అంటే గైడ్స్ పిల్లల్ని చూసుకునే లీడర్‌గా 11 ఏళ్ళ నుంచి చేస్తున్నాను, దసరా సెలవలకో డిసెంబర్‌లోనో క్యాంప్ ఉందని చెప్పిన సాయంత్రం నుంచే అమ్మలు ఫోన్లు మొదలుపెడతారు, "మేడం ఏమేం పెట్టాలి" అని. ఏమేం పెట్టాలో చెప్తాను కానీ అంతకన్నా ముందు ఒక్క మాట, పెట్టాల్సింది మీరు కాదు, మీ పాప. మీరు పక్కన కూర్చుని చూడండి, అడిగితే చెప్పండి, చెయ్యి మాత్రం పెట్టకండి. ఎందుకంటే అమ్మ సర్దిన బ్యాగ్‌లో ఏది ఎక్కడుందో పిల్లకి తెలీదు. పొద్దున్నే అయిదింటికి చీకట్లో సాక్సులు దొరక్క బ్యాగ్ మొత్తం బోర్లించి ఏడ్చే పిల్లల్ని ప్రతి క్యాంప్‌లో చూస్తాను, పాపం ఆ వస్తువులన్నీ బ్యాగ్‌లోనే ఉంటాయి.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. స్కౌట్స్ అంటే మగపిల్లలు, గైడ్స్ అంటే ఆడపిల్లలు, ఇద్దరికీ కలిపి మన దేశంలో ఉన్న సంస్థ భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ 1950 నవంబర్ 7న మొదలైంది, ఆడపిల్లల్లో చిన్నవాళ్ళని బుల్‌బుల్స్ అంటారు, పదేళ్ళు దాటితే గైడ్స్, ఆ పైన రేంజర్స్. ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ, తృతీయ, తర్వాత రాజ్య పురస్కార్, ఇలా మెట్లుంటాయి, పై మెట్లకి టెస్టింగ్ క్యాంప్‌కి వెళ్ళాల్సిందే. నాకు బాగా ఇష్టమైన సంగతి ఒకటుంది, 1909లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పావెల్ మగపిల్లల స్కౌట్ ర్యాలీ పెడితే కొంతమంది ఆడపిల్లలు ఎవరూ పిలవకుండానే వచ్చి మేమూ స్కౌట్లమే అని నిలబడ్డారు, వాళ్ళ వల్లే మరుసటేడు 1910లో గైడ్స్ మొదలైంది, ఆయన చెల్లెలు ఆగ్నెస్ ముందుండి నడిపింది. 1911కల్లా మన దేశంలో జబల్పూర్‌లో మొదటి గైడ్ కంపెనీ, అంటే గైడ్స్ దళం, వచ్చేసింది. అంటే అడిగి మరీ తెచ్చుకున్నది ఇది, అందుకే ఆడపిల్లకి క్యాంపెందుకు అని ఎవరైనా అంటే నాకు ఊరుకోబుద్ధి కాదు.

సరే పనిలోకి వద్దాం. ఫారం మీద సంతకం పెట్టేముందు మీరు అడగాల్సినవి అడగండి, మొహమాటం వద్దు. కూడా వెళ్ళే లేడీ లీడర్స్ ఎవరు, ఎంతమంది, రాత్రి పిల్లలు పడుకునే చోటే వాళ్ళూ పడుకుంటారా, బాత్రూంలకి లోపలి గడియలు ఉన్నాయా, లైటు ఉందా, నీళ్ళు వస్తాయా, దగ్గర్లో ఆస్పత్రి ఎంత దూరం, ఎలా తీసుకెళ్తారు, ఇవన్నీ. ఈ ప్రశ్నలకి చిరాకు పడే కెప్టెన్‌తో నేనైతే నా కూతుర్ని పంపను, కెప్టెన్‌నై ఉండి చెప్తున్నా. నన్ను అడిగితే నాకు సంతోషమే, అడిగిన అమ్మ మూడో రోజు కంగారు పడి ఫోన్ చెయ్యదు.

క్యాంప్‌కి కనీసం రెండు వారాల ముందు నుంచి ఇంట్లో కొన్ని అలవాటు చెయ్యాలి, ఇది బ్యాగ్ కన్నా ముఖ్యం. అయిదింటికి లేవడం. అర బకెట్ చన్నీళ్ళతో అయిదు నిమిషాల్లో స్నానం ముగించడం, ఎందుకంటే అక్కడ వెనకాల ఇరవై మంది క్యూలో ఉంటారు. తన జడ తనే వేసుకోవడం, ఇది చాలామందికి రాదు, ఎనిమిదో తరగతి పిల్లలకి కూడా అమ్మే వేస్తోంది, రెండు జడలు బిగించి అల్లి రిబ్బన్ కట్టుకోవడం నేర్పండి. నేల మీద పడుకోవడం. ఇండియన్ టాయిలెట్ అలవాటు లేని పిల్లలు ఈమధ్య ఎక్కువయ్యారు, అక్కడికెళ్ళి ఇబ్బంది పడి రెండ్రోజులు నీళ్ళు తాగకుండా బిగపట్టుకుని కడుపునొప్పి తెచ్చుకుంటారు, చెప్పడానికి సిగ్గు, కాబట్టి ముందే మాట్లాడండి. ఇంకో సంగతి, తలలో పేలు. ఎవర్నీ తక్కువ చేసి అనడం కాదు గానీ నలభై మంది పక్కపక్కన పడుకుంటారు కదా, వెళ్ళే వారం రోజుల ముందు పేల దువ్వెనతో రెండు మూడుసార్లు దువ్వేయండి, వచ్చాక మళ్ళీ దువ్వండి.

బూట్లు. కొత్త బూట్లు కొని సరిగ్గా క్యాంప్ రోజు తొడిగి పంపకండి, మొదటి హైక్‌లోనే మడమ బొబ్బలెక్కి మిగతా రోజులన్నీ పిల్ల చెట్టు కింద కూర్చుని చూస్తుంది. రెండు వారాలు రోజూ వేసుకుని తిరగనివ్వండి. సాక్సులు నాలుగు జతలు ఉండాలి, తడి సాక్సుతో నడిస్తే బొబ్బలు ఇంకా తొందరగా వస్తాయి. బాత్రూంకి రబ్బరు చెప్పులు వేరే.

బ్యాగ్ విషయంలో ట్రాలీ సూట్‌కేసులు వద్దండి, గ్రౌండ్‌లో మట్టిలో లాగలేరు. రెండు భుజాలకీ తగిలించుకునే బ్యాగ్ ఒక్కటి, పరుపు చుట్ట ఒకటి, అంతే. సర్దాక అవి రెండూ తగిలించుకుని పాప సందు చివరిదాకా వెళ్ళి రావాలి, ఆయాసపడితే ఏదో ఎక్కువైనట్టు, అప్పుడు ఏం తీసెయ్యాలో కూడా తననే తేల్చుకోనివ్వండి. యూనిఫాం రెండు జతలు, స్కార్ఫ్, దాన్ని మెడ దగ్గర పట్టి ఉంచే వాగుల్, బెల్టు, బ్యాడ్జి, ఇవి ఒక కవర్లో. ఒక్కో రోజు బట్టలు లోదుస్తులతో సహా ఒక్కో కవర్లో పెట్టి మీద ఒకటో రోజు, రెండో రోజు అని రాసుకుంటే చీకట్లో వెతుక్కునే పని ఉండదు, నేను చూసినవాటిలో ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. అన్నిటి మీదా పేరుండాలి, యూనిఫాంలు అన్నీ ఒక్కలాగే ఉంటాయి కాబట్టి కాలర్ లోపల దారంతో పేరు మొదటి అక్షరం కుట్టుకోమనండి, స్టీలు ప్లేటు గ్లాసు అడుగున నెయిల్ పాలిష్‌తో రాసుకుంటే క్యాంప్ అయ్యేదాకా పోదు. టార్చిలైట్‌లో సెల్స్ తీసి విడిగా పెడితే బ్యాగ్‌లో దానంతటదే వెలిగి అయిపోదు. పడక కింద వేసుకోవడానికి ప్లాస్టిక్ పట్టా, దాని మీద బొంత, కప్పుకోవడానికి దుప్పటి. చలికాలం క్యాంపైతే అందరూ కప్పుకోడానికే రగ్గులు పెడతారు కానీ చలి నేల నుంచి ఎక్కుతుంది, పైన ఒకటి తగ్గినా పర్లేదు కింద మాత్రం మందంగా ఉండాలి, పట్టా కింద పాత న్యూస్‌పేపర్లు నాలుగు పొరలు పరిచినా చాలా తేడా ఉంటుంది. సబ్బు, పళ్ళపొడి, దోమల క్రీము, పిన్నీసులు, సూది దారం, చిన్న కత్తెర, డైరీ, పెన్ను. చెవులకి చిన్న పోగులు తప్ప బంగారం ఏదీ వద్దు, గొలుసు పోతే ఆ పిల్ల క్యాంపూ పాడే, పక్కన పడుకున్న పిల్లల మీద అనుమానం కూడా, అది ఇంకా ఘోరం.

ఇప్పుడు అమ్మలు ఫోన్లో గొంతు తగ్గించి అడిగే విషయం. నెలసరి. డేట్ క్యాంప్‌లో పడుతుందని మానిపించేవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు, దయచేసి మానిపించకండి, వెనక్కి జరపడానికి టాబ్లెట్లు అసలే వెయ్యకండి. డేట్ ఉన్నా లేకపోయినా ప్రతి పిల్లా ఒక గుడ్డ సంచిలో ఏడెనిమిది ప్యాడ్లు, ముదురు రంగు లోదుస్తులు రెండు ఎక్కువ, చుట్టి పడెయ్యడానికి చించిన పేపర్ ముక్కలు పెట్టుకోవాలి, అలవాటు చోటు మారితే, నిద్ర తగ్గితే డేట్ ముందుకో వెనక్కో జరగడం మామూలే. రాత్రిపూట మరక పడుతుందేమో అన్న భయంతో నిద్రపోని పిల్లలుంటారు, అడుగున వేసుకోవడానికి ఒక పాత కాటన్ గుడ్డ మడిచి పెట్టుకుంటే ధైర్యంగా పడుకుంటారు. ఆరో తరగతి ఏడో తరగతి పిల్లల అమ్మలకి ఇంకో భయం, అక్కడే పెద్దమనిషి అయితే ఎలా అని. ఒకసారి అయింది కూడా, ఏడో తరగతి పాప, రెండో రోజు పొద్దున వచ్చి నా చున్నీ పట్టుకుని నిలబడింది, ఏమీ అనలేదు, నాకు అర్థమైంది. ప్యాడ్ ఎలా పెట్టుకోవాలో చూపించాను, వేడిగా పాలు తాగించాను, వాళ్ళమ్మకి ఫోన్ చేశాను, నాయనమ్మ వెంటనే తీసుకొచ్చెయ్యమంది, అమ్మ మాత్రం "దాన్ని అడగండి మేడం" అంది. పాప ఉంటానంది. సాయంత్రం క్యాంప్‌ఫైర్‌లో వాళ్ళ పెట్రోల్‌తో, అంటే వాళ్ళ చిన్న జట్టుతో, కోలాటం ఆడింది, ఇంటికెళ్ళాక వాళ్ళ ఆచారం వాళ్ళు చేసుకున్నారు. ఆ అమ్మంటే నాకు ఇప్పటికీ ఎంతో గౌరవం. కాబట్టి చిన్నపిల్లలే కదా అనుకోకుండా ముందే కూర్చోబెట్టి చెప్పండి, ప్యాడ్ ఒకటి చేతికిచ్చి చూపించండి, ఏదన్నా అయితే మేడంతో చెప్పు అని ఒక్క మాట అనండి చాలు.

ఆరోగ్యం గురించి దాచకండి. ఆయాసం, ఫిట్స్, ఏదైనా పడని తిండి, రాత్రి పక్క తడిపే అలవాటు, ఏదైనా సరే కాగితం మీద రాసి మందులతో పాటు కెప్టెన్ చేతికి ఇవ్వండి. ఫిట్స్ ఉన్నాయని చెప్తే తీసుకెళ్ళరేమో అని ఒకమ్మ చెప్పలేదు, మందు పాప బ్యాగ్‌లోనే ఉంది, ఆటల్లో పడి రెండు పూటలు వేసుకోలేదు, మూడో రోజు గ్రౌండ్‌లో పడిపోయింది. ఏం కాలేదు, కానీ ఆ పది నిమిషాలు నేను మర్చిపోలేను. చెప్పుంటే పూటపూటకీ నేనే వేసేదాన్ని.

తినేవి. అక్కడ తిండి పెడతారు, అయినా మన ఇళ్ళలో ఊరుకోరుగా. పులిహోర పెడితే మొదటిరోజు మధ్యాహ్నానికే, తర్వాతికి వద్దు. పచ్చడి సీసాలు అస్సలు వద్దు, నూనె కారి యూనిఫాం మీద పడితే ఇన్‌స్పెక్షన్‌లో మార్కులు పోతాయి, దాని బదులు కందిపొడి కారప్పొడి పెట్టండి. జంతికలు, సున్నుండలు, పల్లీ చిక్కీలు, సకినాలు ఏవైనా మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలోనే, కవర్లో పెడితే తెల్లారేసరికి చీమలే. ఒక్కదానికి కాకుండా పెట్రోల్‌లో ఆరుగురో ఎనిమిదిమందో ఉంటారు కదా, వాళ్ళందరికీ తలా ఒకటి వచ్చేలా పెట్టండి, దుప్పటి కింద దాచుకుని తినే పిల్లతో ఎవరూ కలవరు.

ఇక పిల్లలూ, ఇది మీకు. ముడులు ఇంట్లోనే చేతికి రావాలి, అక్కడికొచ్చి నేర్చుకుందాం అంటే కుదరదు. మీ తాడు తీసుకుని టీవీ చూస్తూ కట్టండి, తర్వాత కళ్ళు మూసుకుని కట్టండి. ఊరికే బట్టీ పట్టకుండా ఏది ఎందుకో తెలుసుకోండి, రీఫ్ నాట్ బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి కట్టు కట్టినప్పుడు ఒంటికి గుచ్చుకోదు, సన్నతాడు లావుతాడు కలపాలంటే షీట్ బెండ్, కర్రకి తాడు కట్టి లాషింగ్ (కర్రల్ని తాడుతో కలిపి బిగించడం) మొదలుపెట్టాలంటే క్లోవ్ హిచ్, బౌలైన్‌లో ఉచ్చు బిగుసుకోదు కాబట్టి మనిషిని పైకి లాగడానికి వాడతారు. విజిల్ సిగ్నల్స్ కూడా, ఒక్క పొడుగు విజిల్ అంటే ఉన్నచోటే ఆగి వినండి అని, పొట్టి పొట్టిగా వరసగా వేస్తే పరిగెత్తుకొచ్చి చేరమని, మూడు పొట్టి ఒక పొడుగు అంటే పెట్రోల్ లీడర్లు రావాలి అని, ఒకటి పొట్టి ఒకటి పొడుగు మార్చి మార్చి వస్తే ప్రమాదం. గైడ్ నియమాలు తొమ్మిదీ, ప్రార్థన, జెండా పాట అందరి మధ్యలో పెదాలాడించడం కాదు, ఒక్కదానివే పాడగలిగేలా రావాలి.

వంట టెస్ట్ ఉంటే ఇంట్లో గ్యాస్ మీద కాదు, ఒక్కసారైనా పెరట్లోనో మేడ మీదో మూడు రాళ్ళ పొయ్యి పెట్టి అమ్మ దగ్గరుండగా అన్నం పప్పు వండి చూడండి, సన్న పుల్లలతో మంట రాజెయ్యడం తెలిస్తే సగం పని అయినట్టే. పొయ్యి దగ్గర నైలాన్ బట్టలు వద్దు, చున్నీ నడుముకి చుట్టి ముడెయ్యాలి. క్యాంప్‌ఫైర్‌కి మీ పెట్రోల్ అంతా కలిసి ఏదో ఒకటి ఇక్కడే తయారుచేసుకోండి, బుర్రకథ ముక్క కావచ్చు, చిన్న నాటిక కావచ్చు, అయిదు నిమిషాలకి మించకూడదు, సామాను మోసుకురాకండి, కోలాటం కర్రలు కూడా అక్కడ ఏరుకుంటే దొరుకుతాయి.

ఫోన్ చాలా క్యాంపుల్లో ఒప్పుకోరు, అమ్మ నెంబరు నాన్న నెంబరు నోటికి రావాలి, ఈ కాలం పిల్లలకి ఒక్క నెంబరూ రాదు. మొదటి రాత్రి ఏడుపొస్తుంది, కొత్తగా వచ్చినవాళ్ళలో సగం మంది ఏడుస్తారు, మూడో రోజుకి పిలిచినా రారు. అమ్మలూ నాన్నలూ, మొదటి రాత్రి ఫోన్ కలిపితే "తీసుకెళ్ళిపోనా" అని మాత్రం అనకండి, ఆ మాట విన్నాక ఏ పిల్లా ఉండదు. ఏం తిన్నావు, పక్కన ఎవరు పడుకుంటున్నారు, ఏ ముడి కట్టావు అని అడగండి.

వెళ్ళే ముందురోజు సాయంత్రం పాప బ్యాగ్ మొత్తం పట్టా మీద పరిచి, లిస్టు చూసుకుంటూ మళ్ళీ తనే సర్దుకోవాలి, అక్కడ కిట్ ఇన్‌స్పెక్షన్‌కి ఎలాగూ అలాగే పరచాలి. ఒక పెద్ద ఖాళీ కవర్ తప్పకుండా ఉండాలి, వచ్చేటప్పుడు తడిబట్టలు మిగతావాటితో కలవకుండా. తిరిగొచ్చిన రోజు గొంతు బొంగురుపోయి, కళ్ళు ఎర్రబడి, ఎండకి నల్లబడి వస్తుంది, కంగారు పడకండి, వేడినీళ్ళు పోసి పడుకోబెట్టండి, కబుర్లు లేచాక వాటంతటవే వస్తాయి. లాగ్‌బుక్ మాత్రం రెండు రోజుల్లో రాయించండి, వారం దాటితే ఏ రోజు ఏం చేశారో కలిసిపోతుంది, తడిబట్టల కవర్ కూడా తననే విప్పి ఉతుక్కోమనండి.