నెల్లూరులో మీ ఏరియా వీధులు కలుస్తున్నాయా లేదా, ఇంట్లో కూచుని లెక్కేసే పద్ధతి

నెల్లూరు పెరిగిపోయింది అంటాం గానీ, రోడ్లు ఎన్ని పడ్డాయని కాదు, ఒక రోడ్డు ఇంకో రోడ్డుతో ఎంత కలిసిందని చూడాలబ్బా. దానికి ఇంజినీరేం అక్కర్లేదు, ఒక ఆదివారం పొద్దున, కాగితం, పెన్సిలు చాలు.

ముందు కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ ప్రో వేసుకోండి, ఫ్రీనే. పైన గడియారం బొమ్మ నొక్కితే పాత శాటిలైట్ ఫోటోలు వస్తాయి. మూలపేట లాంటి పాత పేటలో ఒకటి, పొదలకూరు రోడ్డు వైపు లేఅవుట్లలో ఒకటి, అరకిలోమీటరు చదరాలు గీసుకోండి. కొత్తదానికి పాత ఫోటో కూడా తీయండి, పొలాల మధ్య డొంక ఏదన్నా ఉంటే చాలాసార్లు ఇప్పుడు అదే మెయిన్ రోడ్డయి ఉంటది.

ఇంక లెక్క. జంక్షన్లు, డెడ్ ఎండ్లు అన్నీ చుక్కలు, రెండు చుక్కల మధ్య వీధి ముక్క ఒక గీత, గీతల్ని చుక్కలతో భాగించాలి. ఉదాహరణకి మెయిన్ రోడ్డు మీంచి లోపలికి ఒకే దారి, దానికి నాలుగు చోట్ల అటొక సందు ఇటొక సందు, ఎనిమిదీ గోడ దాకా పోయి ఆగిపోతాయి అనుకోండి: చుక్కలు 13 (మెయిన్ రోడ్డు దగ్గర 1, సందులు కలిసే చోట్ల 4, గోడల దగ్గర 8), గీతలు 12 (లోపలి దారి 4 ముక్కలు, సందులు 8), అంటే 0.92. 1 కంటే తగ్గిందంటే ఎటు పోయినా వచ్చిన దారినే తిరిగి రావాలని. అదే ఒక పక్క నాలుగు సందుల చివర్లనీ కలుపుతా వెనక ఒక వీధి వేస్తే గీతలు 15, అప్పుడు 1.15. నాలుగు పక్కలా కలిసే గళ్ల వీధులైతే 2 దగ్గరికి పోద్ది.

కొత్తచోట ఎందుకు తగ్గుద్దంటే, పొలం ఎంతుంటే లేఅవుట్ అంతే కదా, ఈయన నాలుగెకరాలకి ఒక ప్లాను, పక్కాయన మూడెకరాలకి ఇంకో ప్లాను, మధ్యలో కాంపౌండ్ వాల్. మా వీధి చివర గోడకి ఎవరో నాలుగు వరసలు ఇటుకలు పీకేశారు, అవతల కాలు పెట్టుకోడానికి ఇసక మూట, పాలక్యాన్లు పట్టుకుని అందరూ అందులోంచే. ఇలాంటి సందులు మ్యాపులో దొరకవు, నడిచి చూసి వేరే రంగుతో గీయండి, ఆటో పట్టదు కాబట్టి లెక్కలో కలపొద్దు.

మీ చదరంలో రైలు కట్ట ఉంటే గేట్లు, అండర్ బ్రిడ్జిలు కూడా గీతలే. కానీ లెక్క రెండుసార్లు వేయండి, ఒకసారి ఎండాకాలానికి, ఇంకోసారి నవంబరు వానలకి, నీళ్లు నిలిచిన అండర్ బ్రిడ్జిని కొట్టేసి.