డాబా మీద పడక వేసే పద్ధతి

మే నెలలో సికింద్రాబాద్ వారాసిగూడలో ఇంట్లో పడుకుంటే ఫ్యాను వేడిగాలినే తిప్పి తిప్పి కొడుతుంది. అందుకే ఇరవై ఏళ్లుగా ఎండాకాలమంతా నా పడక డాబా మీదే.

ముందు నీళ్లు. పొద్దు గుంకగానే ఒక బకెట్ చల్లండి. సుయ్యిమని ఆవిరి లేస్తుంది, తడి ఆరి గచ్చు మళ్లీ తెల్లబడుతుంది. తొందరపడి అప్పుడే పక్క వేస్తే రాత్రంతా కింది నుంచి సెగ. గంట ఆగి రెండో బకెట్ పోయండి. గచ్చుకు అరచెయ్యి ఆనించి పది లెక్కపెట్టగలిగితే మంచం వాల్చవచ్చు. నవారు మంచమైతే కింద గాలి ఆడుతుంది. వారానికోసారి నవారు బిగించకపోతే మాత్రం నడుము పట్టేస్తుంది.

పక్క ఏ రాత్రికారాత్రి దులిపి కొత్తగా వేయాలి. మా ఆవిడ నవ్వుతుంది గానీ, చింపాంజీల పద్ధతీ అదే. సాయంత్రం కొమ్మలు వంచి, అల్లి, ఆకులు పరిచి కొన్ని నిమిషాల్లో గూడు కట్టుకుంటాయి. మర్నాడు మామూలుగా ఇంకొకటి. బబూన్ కోతులకు ఈ విద్య అబ్బలేదు, కొమ్మ మీద కూర్చునే కునుకు తీస్తాయి. రాత్రి బస్సులో ఊరెళ్లినవాళ్లకు ఆ అవస్థ తెలుసు.

దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి.

తొమ్మిదింటికే నడుము వాల్చకండి. టాంజానియాలో హాజా, నమీబియాలో సాన్, బొలీవియాలో చిమానే ప్రజల నిద్రను గమనించిన ఫలితాలు 2015లో వచ్చాయి. కరెంటు లేకపోయినా వాళ్లు పొద్దు గుంకాక సగటున మూడు గంటలకు పైగా మేలుకునే ఉంటారట. గాలి చల్లబడే వేళలో నిద్రపోతారు. మన దక్కను గాలి కూడా పది దాటితే గాని దారికి రాదు.

రెండింటికి మెలకువ వచ్చిందా? ఫోను ముట్టుకోకుండా వెల్లకిలా పడుకోండి. ఎనిమిది గంటలు నిద్రపోలేదని ఏళ్ల తరబడి బెంగపడ్డాను. రోజుకు నిద్ర గుడ్లగూబ కోతికి 17 గంటలు, చింపాంజీకి తొమ్మిదిన్నర, మనిషికి ఏడు. కోతులు, వానరాలు, మనుషులు ఉన్న ప్రైమేట్ల వర్గంలో, నిద్ర లెక్క తేలినవాటిలో మనదే తక్కువ. హాజావాళ్లలో 33 మందిని 20 రోజులు గమనిస్తే, అందరూ ఒకేసారి నిద్రలో ఉన్నది మొత్తం కలిపి 18 నిమిషాలే. ఎవరో ఒకరు మేలుకునే ఉన్నారన్నమాట. ఇది చెబితే మా మనవడు, “అయితే తాతయ్యా, రాత్రిపూట కాపలా నీదే” అన్నాడు.

గాలివాన వస్తే ముందు పరుపు చుట్టి మెట్ల గదిలో పడేయండి. మంచం తడిసినా ఎండకు ఆరుతుంది, దూది పరుపు తడిస్తే మూడు రోజులు ముక్కిన వాసన.