లోడ్ బ్యాలెన్సర్ వెనుక యూజర్ సెషన్‌ను ఒకే సర్వర్‌పై నిలిపి ఉంచడం ఎలా?

సెషన్ వివరాలను, అంటే యూజర్ లాగిన్, ఎంపికల వంటి తాత్కాలిక సమాచారాన్ని, సర్వర్ మెమరీలోనే ఉంచుకునే అప్లికేషన్లు ఇప్పటికీ చాలా నడుస్తున్నాయి. అటువంటి అప్లికేషన్‌కు ఒక సర్వర్ చాలక మూడు సర్వర్లు పెట్టి, వాటి ముందు అభ్యర్థనలను సర్వర్ల మధ్య పంచే లోడ్ బ్యాలెన్సర్‌ను ఉంచినప్పుడు, మొదటి సర్వర్‌లో లాగిన్ అయిన యూజర్ తర్వాతి క్లిక్‌కే రెండో సర్వర్‌కు వెళ్లి, మళ్లీ లాగిన్ పేజీ ముందు నిలబడతాడు. ఒక యూజర్ అభ్యర్థనలన్నీ ఒకే సర్వర్‌కు చేరేలా చేయడాన్ని స్టికీ సెషన్ అంటాం.

చాలామంది మొదట ఎంచుకునేది ఐపీ చిరునామా పద్ధతి, ఎందుకంటే లోడ్ బ్యాలెన్సర్‌గా వాడే ఎన్‌జిన్‌ఎక్స్ సాఫ్ట్‌వేర్‌లో, సర్వర్ల జాబితా ఉండే అప్‌స్ట్రీమ్ విభాగంలో ఐపీ హ్యాష్ (యూజర్ ఐపీని బట్టి సర్వర్‌ను ఎంచే ఆదేశం) అని ఒక్క వరుస రాస్తే పని అయిపోతుంది. బెంగళూరు యూజర్ల కోసం మాత్రం దీన్ని నేను సిఫారసు చేయను. ఐపీవీ4 చిరునామాలోని నాలుగు భాగాల్లో మొదటి మూడింటినే ఐపీ హ్యాష్ లెక్కలోకి తీసుకుంటుంది. ఔటర్ రింగ్ రోడ్డులోని పెద్ద కార్యాలయంలో వేలమంది ఉద్యోగులు కొద్దిపాటి పబ్లిక్ ఐపీలతోనే బయటికి వస్తారు కాబట్టి, వారి భారమంతా ఒకే సర్వర్‌పై పడుతుంది. మొబైల్ ఆపరేటర్లు కూడా ఐపీవీ4లో ఒకే చిరునామాను ఎందరికో పంచుతారు. ఇంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. శుక్రవారం సాయంత్రం అనంతపురం బస్సుకు ఆఫీసు వైఫైలో సీటు ఎంచుకున్న వ్యక్తి, మారతహళ్లి స్టాపుకు నడుస్తూ మొబైల్ డేటాపై డబ్బు చెల్లించబోతే, అతని ఐపీ మారిపోయి మరో సర్వర్‌కు చేరుకుంటాడు. ఆ సర్వర్‌కు అతని సీటు సంగతే తెలియదు.

అందువల్ల లోడ్ బ్యాలెన్సరే ఒక కుకీని (బ్రౌజర్ దాచుకుని, తర్వాతి అభ్యర్థనలతో తిరిగి పంపే చిన్న సమాచారం) జారీ చేయడం మేలు. కుకీని చదవాలంటే హెచ్‌టీటీపీఎస్ గుప్తీకరణ లోడ్ బ్యాలెన్సర్ దగ్గరే విడిపోవాలి; టీసీపీ మోడ్‌లో, అంటే లోపలి సమాచారాన్ని చదవకుండా, ట్రాఫిక్‌ను యథాతథంగా వెనక్కి పంపిస్తుంటే ఈ పద్ధతి పనిచేయదు. హెచ్‌ఏప్రాక్సీ అనే లోడ్ బ్యాలెన్సర్ సాఫ్ట్‌వేర్‌లో, సర్వర్ల జాబితా ఉండే బ్యాకెండ్ విభాగంలో కుకీ అనే ఆదేశం రాసి, దానికొక పేరిచ్చి, పక్కన ఇన్‌సర్ట్, ఇన్‌డైరెక్ట్, నోక్యాష్, హెచ్‌టీటీపీఓన్లీ, సెక్యూర్ అన్న పదాలను చేర్చాలి. ఇన్‌సర్ట్ వల్ల లోడ్ బ్యాలెన్సర్ తానే కుకీని పెడుతుంది. ఇన్‌డైరెక్ట్ వల్ల ఆ కుకీ వెనుకనున్న అప్లికేషన్‌కు కనబడదు. ఆ కుకీ ఉన్న జవాబును మధ్యలోని ఉమ్మడి క్యాష్‌లు దాచుకుని మరొకరికి ఇవ్వకుండా నోక్యాష్ ఆపుతుంది. హెచ్‌టీటీపీఓన్లీ వల్ల పేజీలోని జావాస్క్రిప్ట్ ఆ కుకీని చదవలేదు, సెక్యూర్ వల్ల అది హెచ్‌టీటీపీఎస్‌పై మాత్రమే వెళుతుంది. ఆ తర్వాత ప్రతి సర్వర్ వరుస చివర సర్వర్ పనిచేస్తోందో లేదో పరీక్షించే చెక్ అని, కుకీ అని రాసి ఆ సర్వర్‌కు ఒక చిన్న గుర్తు ఇవ్వాలి. ఆ గుర్తుగా లోపలి ఐపీని వాడకండి, అది బ్రౌజర్‌లో ఎవరికైనా కనిపిస్తుంది. అమెజాన్ క్లౌడ్ సేవ అయిన ఏడబ్ల్యూఎస్‌లో అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ వాడేవారు టార్గెట్ గ్రూప్ అనే సర్వర్ల సమూహంలో స్టికీనెస్‌ను ఆన్ చేసి, 1 సెకను నుంచి 7 రోజుల లోపు గడువు ఇస్తే సరిపోతుంది.

చెల్లింపు పేజీ నుంచి తిరిగి వచ్చే దశను ప్రత్యేకంగా చూసుకోవాలి. 2020లో వచ్చిన క్రోమ్ 80 నుంచి, సేమ్‌సైట్ (వేరే సైట్ నుంచి వచ్చే అభ్యర్థనలతో కుకీని పంపాలా వద్దా అని చెప్పే అమరిక) విలువ చెప్పని కుకీలను బ్రౌజర్ లాక్స్‌గా పరిగణిస్తోంది. పేమెంట్ గేట్‌వే యూజర్‌ను పోస్ట్ పద్ధతిలో (ఫారం సమర్పించినట్టు) వెనక్కి పంపితే, లాక్స్ కుకీ ఆ అభ్యర్థనతో సాధారణంగా రాదు. అప్పుడు డబ్బు కట్టిన మనిషి ఏ సర్వర్‌కైనా చేరవచ్చు. గేట్‌వే గెట్ పద్ధతిలో (మామూలు లింకు తెరిచినట్టు) పంపగలిగితే అదే ఉత్తమం. లేకపోతే లోడ్ బ్యాలెన్సర్ కుకీకీ, అప్లికేషన్ సెషన్ కుకీకీ రెండింటికీ సేమ్‌సైట్ నన్, సెక్యూర్ అని పెట్టి, ఫారాలకు సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ (వేరే సైట్లు యూజర్ పేరుతో అభ్యర్థనలు పంపకుండా ఆపే రహస్య గుర్తు) రక్షణ తప్పనిసరిగా ఉంచాలి. గేట్‌వే సర్వర్ నేరుగా పంపే చెల్లింపు సమాచారంలో యూజర్ కుకీ ఉండనే ఉండదు కనుక, ఆ సమాచారాన్ని సెషన్‌తో సంబంధం లేకుండా ఆర్డర్ నంబర్ ఆధారంగా డేటాబేస్‌లో నమోదు చేయాలి.

సర్వర్ పడిపోయినప్పుడు ఏం జరగాలో ముందే నిర్ణయించుకోండి. హెచ్‌ఏప్రాక్సీ మామూలుగా 2 సెకన్లకొకసారి హెల్త్ చెక్ చేసి, వరుసగా 3 సార్లు విఫలమైతే సర్వర్‌ను తప్పిస్తుంది. ఆప్షన్ రీడిస్పాచ్ కూడా రాసి ఉంచితే, పాత కుకీతో వచ్చినవారు చచ్చిన సర్వర్ దగ్గరే చిక్కుకుపోకుండా మరో సర్వర్‌కు వెళతారు. కానీ మెమరీలోని వారి సెషన్ మాత్రం పోయినట్టే. ఎంచుకున్న సీటు, బుట్టలోని వస్తువులు పోవడం యూజర్‌కు నిజంగా బాధ కలిగించే విషయం కాబట్టి, అటువంటి వాటిని సర్వర్లన్నీ పంచుకునే రెడిస్ అనే మెమరీ స్టోర్‌లో గానీ డేటాబేస్‌లో గానీ ఉంచాలని నేను గట్టిగా చెబుతాను. కొత్త వెర్షన్ పెట్టేటప్పుడు సర్వర్‌ను హఠాత్తుగా ఆపకుండా డ్రెయిన్ స్థితిలోకి మార్చండి: కొత్తవారు దానికి రారు, కుకీ ఉన్న పాతవారు తమ పని ముగించుకుంటారు.

అంతా అయ్యాక, కమాండ్ లైన్ నుంచి అభ్యర్థనలు పంపే కర్ల్‌తో కుకీ లేకుండా నాలుగైదు సార్లు అడిగితే వేర్వేరు గుర్తులు రావాలి, కుకీని భద్రపరచి అడిగితే ఒకే సర్వర్ జవాబివ్వాలి. తర్వాత ఫోన్‌లో వైఫైపై లాగిన్ అయి, మొబైల్ డేటాకు మారి పేజీని రిఫ్రెష్ చేయండి. చివరిగా, రద్దీ లేని వేళ ఆ సర్వర్‌ను ఆపి, మళ్లీ క్లిక్ చేసినప్పుడు ఎర్రర్ పేజీ వస్తుందా, లాగిన్ పేజీ వస్తుందా, లేక పని యథావిధిగా సాగుతుందా అన్నది గమనించి, టీమ్ డాక్యుమెంట్‌లో రాసి ఉంచండి.