బారో, లెండ్: అప్పు మాటల్లో తడబడకుండా ఎలా వాడాలి?

తెలుగులో ‘అప్పు’ ఒక్కటే మాట. తెచ్చుకుంటే అప్పు తెచ్చుకోవడం, ఇస్తే అప్పివ్వడం. ఇంగ్లీషు ఆ రెంటికీ వేరే క్రియలు పెట్టింది. తెచ్చుకుంటే బారో, ఇస్తే లెండ్. చాలామంది బారో అంటే అప్పు అని మాత్రమే గుర్తుపెట్టుకుంటారు. అందుకే ‘కెన్ యు బారో మి యువర్ పెన్?’ అనేస్తారు. అది తప్పు.

ముందు కర్తను తేల్చుకోండి. తెలుగులో ‘పెన్ను ఒకసారి ఇస్తారా?’ అంటే చాలు, ‘మీరు’ అని చెప్పక్కర్లేదు. ఇంగ్లీషులో కర్తను చెప్పి తీరాలి. కర్త ‘ఐ’ అయితే పుచ్చుకునేది నేను కాబట్టి ‘కెన్ ఐ బారో యువర్ పెన్?’. కర్త ‘యు’ అయితే ఇచ్చేది మీరు కాబట్టి ‘కెన్ యు లెండ్ మి యువర్ పెన్?’.

ఇంకా తికమకగా ఉంటే బళ్లో నేర్చిన తీసివేత గుర్తుచేసుకోండి. 52లోంచి 38 తీసేటప్పుడు 2లోంచి 8 పోదు. ఒకట్ల స్థానం పదుల స్థానం దగ్గర అప్పు తెచ్చుకుని 12 అవుతుంది, 4 మిగులుతుంది. ఇంగ్లీషు లెక్కల్లోనూ దీన్ని బారో అనే అంటారు. చాలనివాడు చేసే పని బారో.

తర్వాత విభక్తి. బారోకి ‘ఫ్రమ్’, లెండ్‌కి ‘టు’. ‘ఐ బారోడ్ 500 రుపీస్ ఫ్రమ్ హిమ్’, ‘హి లెంట్ 500 రుపీస్ టు మి’. మనిషిని ముందు చెబితే ‘టు’ పోతుంది: ‘హి లెంట్ మి 500 రుపీస్’. భూతకాలంలో బారోడ్, లెంట్. ‘లెండెడ్’ అనే రూపం లేదు.

రెండు క్రియల్లోనూ తిరిగి ఇవ్వాలన్న షరతు ఉంది. చేబదులుకీ, ఎరువు తెచ్చుకున్న నగకీ ఇవి సరిపోతాయి. అద్దె కడితే మాత్రం ‘రెంట్’ అనాలి. ఎదుటివారి ఇంట్లోనే వాడి వచ్చేసే బాత్రూమ్‌కి ‘యూజ్’ చాలు.

బారో పాత ఇంగ్లీషు ‘బోర్గియన్’ నుంచి వచ్చింది. దాని వెనక ఉన్న ‘బోర్గ్’కి పూచీ, తాకట్టు అని అర్థం. చుట్టమైన జర్మన్ ‘బోర్గెన్’ మాత్రం మన అప్పులాగే రెండు వైపులా పనిచేస్తుంది. లెండ్ మొదట ‘లెనెన్’గా ఉండేది. భూతకాల రూపంలోని ‘డ్’ చివరికి ధాతువుకే అంటుకుపోయింది. ‘లోన్’ దీని చుట్టమే. అమెరికాలో దాన్ని క్రియగానూ వాడతారు: ‘లోన్ మి యువర్ కార్’.

భాషలు మాటలు తెచ్చుకున్నా బారో అనే అంటారు. మన పందికొక్కు ఇంగ్లీషులో ‘బ్యాండికూట్’ అయింది. అక్కడ వాక్యం ఇలా ఉండాలి: ‘ఇంగ్లిష్ బారోడ్ ద వర్డ్ ఫ్రమ్ తెలుగు’.