ఒక్కరు వద్దంటే చట్టం ఆగాలా? పిల్లలకు ఇలా చెప్పండి

కోవూరులో ఇరవై ఏళ్లు సోషల్ చెప్పాను. ఈ పాఠానికి నాకు కావాల్సినవి ఒక చాట, వంద చింతపిక్కలు.

ముందు పిక్కలన్నీ చాటలో పోయండి. అమెరికా చట్టసభలో పై సభ అయిన సెనేట్‌లో సభ్యులు 100 మంది. అందులోంచి 60 పక్కకు జరపమనండి. 'చర్చ చాలు, ఓటింగ్‌కు పోదాం' అనడానికి చాలా బిల్లులకు అంతమంది కావాలి. 1975లో పెట్టిన లెక్క ఇది. ఒక్క సభ్యుడు మొండికేస్తే బిల్లు చచ్చిపోదు గానీ, రోజులు గడిచిపోతాయి. పిల్లలు తికమకపడేది ఇక్కడే. తొందరపెట్టకండి, రెండోసారి లెక్కపెట్టించండి.

తర్వాత ఒక్క పిక్క తీసి ఒక పిల్ల అరచేతిలో పెట్టండి. ఒకప్పుడు పోలండ్ సభలో ఒక్కరు 'ఒప్పుకోను' అంటే సమావేశమే ముగిసిపోయేది. 1652లో తొలిసారి అలా జరిగింది, 1791 రాజ్యాంగం దాన్ని తీసేసింది. మన ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 175 మంది ఉన్నా, మామూలు బిల్లుకు ఆ రోజు ఓటేసినవాళ్లలో మెజారిటీ చాలు.

ఇప్పుడు అడగండి: కాలువ చివరి పొలం రైతు ఒక్కడే తూము మార్చొద్దంటే? మా క్లాసులో ఒక అమ్మాయి, "ఆయన మాట వినకుండా ఓటేయకూడదు సార్, కానీ ఆయన కోసం అందరి నాట్లూ ఆపకూడదు" అంది. నా మాటా అదే. అందుకే ఓటు పెట్టే ముందు వద్దన్న పిల్లవాడికి ఐదు నిమిషాలు ఇవ్వండి, మధ్యలో ఎవరినీ మాట్లాడనివ్వకండి.